‘ఆయనకు అలవాటే’ అన్నారు, ఆయనను అడిగారా?

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 36 ఏళ్లు. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తాం. తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. మూడేళ్ల క్రితం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరో వదిలేసి వెళ్లిన కుందేలును తెచ్చుకున్నాం. వెన్ను దెబ్బతిని దాని వెనక కాళ్లు పడిపోయాయి. మల్లి అని పేరు పెట్టాం. ఇప్పుడు తెలిసినవాళ్లు దుబాయ్ వెళ్లిపోతూ తమ కుందేలును మాకిస్తామంటున్నారు. దానికి తల ఒక పక్కకు వంగిపోయింది. మేం కాదంటే ఇంకెవరూ తీసుకోరు. మల్లికీ తోడుగా ఉంటుందని నా ఆశ. మావారు ఖర్చని వద్దంటున్నారు. పనికి ఇబ్బంది లేదు, మామయ్యగారు రోజంతా ఇంట్లోనే ఉంటారు. మల్లి ఉండేదీ ఆయన గదిలోనే. అత్తయ్యగారు పక్షవాతంతో మంచాన పడితే నాలుగేళ్లు ఆయనే అన్నీ చేశారు, కాబట్టి ఇవన్నీ ఆయనకు అలవాటే. ఈమధ్య ఎందుకో ముభావంగా ఉంటున్నారు, ఊరు వెళ్లొస్తానంటున్నారు. రెండోదాన్ని తెచ్చుకోమంటారా? మావారిని ఎలా ఒప్పించాలి?

జవాబు: ‘అలవాటే’ అన్న మాట దగ్గర ఆగిపోయానమ్మా. ఆ తర్వాత మీరు రాసినదంతా రెండోసారి చదివితే గానీ బుర్రకెక్కలేదు.

నాలుగేళ్లు భార్యకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి, చివరికి ఆమెను సాగనంపిన మనిషి ఆయన. అది అలవాటు కాదు. ఆ మనిషి గదిలోనే మరో పడిపోయిన ప్రాణాన్ని పెట్టారు. మీకు జాలి ఎక్కువ, కాదనను. సెల్లార్‌లో పడి ఉన్నదాన్ని చూసి ఎంతమంది పక్కనుంచి వెళ్లిపోయి ఉంటారో! మీరు ఎత్తుకొచ్చారు. కానీ ఆ జాలికి రోజూ మధ్యాహ్నం నడుం వంచుతున్నది మాత్రం మీరు కాదు.

మధ్యాహ్నం పనులు ఏమిటో మీరు రాయలేదు. కాళ్లు పడిపోయిన కుందేలును సాకే ఇంట్లో కొన్నాళ్లు దగ్గరుండి చూశాను కాబట్టి నాకు తెలుసు. కింద తువ్వాలు పరుచుకుని కూర్చోవాలి. డైపర్ విప్పి, గోరువెచ్చని నీళ్లతో వెనకభాగం కడిగి, బొచ్చు కుదుళ్ల దాకా ఆరేవరకు అద్దాలి. తడి మిగిలితే చర్మం ఒరుసుకుపోతుంది, ఈగ వాలిందంటే ఒక్కరోజులో పురుగు పడుతుంది. కొన్నిటికి పొట్ట కింద మెల్లగా నొక్కి మూత్రం కూడా తీయాలి. కుందేలు వేసే పెంటికల్లో మెత్తటివి కొన్ని అది మళ్లీ తినాలి, దాని ఒంటికి అవి కావాలి. వంగి అందుకోలేదు కాబట్టి వేళ్లతో తీసి నోటికి అందించాలి. మోకాళ్లు పట్టుకుపోయే వయసులో ఇదంతా చేసి, గోడ పట్టుకుని లేచి, చేతులు కడుక్కుని, అప్పుడు ఆయన అన్నం తింటారు. ఎన్ని గంటలకు తింటున్నారో మీకు తెలుసా?

మా అమ్మ పోయాక మా నాన్న మూడేళ్లు మా ఇంట్లో ఉన్నారు. పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించడం, పాల ప్యాకెట్లు, గ్యాస్ సిలిండర్ వచ్చే రోజు ఇల్లు కదలకుండా ఉండడం, అన్నీ ఆయనే. ‘నాన్నకు కాలక్షేపం’ అనుకునేదాన్ని. ఒకరోజు మా పెదనాన్న కొడుకు ఫోన్‌లో మాటల మధ్య అన్నాడు: “బాబాయ్ శ్రీరామనవమికి వస్తానన్నాడు, మీ పిల్లలకి పరీక్షలని ఆగిపోయాడు.” ఊళ్లో కల్యాణానికి పీటల మీద కూర్చున్న మనిషి. మాతో ఆ ఊసే ఎత్తలేదు. కొడుకింట్లోనో కూతురింట్లోనో ఉంటున్న పెద్దవాళ్లకు ‘నావల్ల కాదు’ అనే మాట నోటికి రాదమ్మా. అన్నం పెడుతున్న చెయ్యి అడ్డొస్తుంది. వాళ్ల నోట ‘ఊరెళ్లొస్తాను’ అని వచ్చిందంటే, దాన్ని వినాల్సిన తీరు వేరు.

ఇక రెండో కుందేలు సంగతి. మీవారిని ఎలా ఒప్పించాలని అడిగారు. దానికి నేను జవాబివ్వను. ఆయన ఖర్చు పేరు చెప్పి తప్పుకుంటున్నారు, మీరు జాలి పేరు చెప్పి పట్టుబడుతున్నారు. కన్నతండ్రి ఏమంటున్నారో ఆ కొడుకూ అడగలేదు.

తోడు మాటకొస్తే, ముక్కూ మొహం తెలియని రెండు కుందేళ్లను ఒకచోట వదిలితే కరుచుకుంటాయి. మల్లికి పారిపోయే వీలు కూడా లేదు. ఆడా మగా అయితే ముందు ఆపరేషన్లు చేయించాలి, లేకపోతే నెల తిరిగేసరికి పిల్లలు. తల వంగడం లోపలి చెవిలో చీము వల్ల కావచ్చు, మెదడుకు పాకే సూక్ష్మజీవి వల్ల కావచ్చు. ఆ సూక్ష్మజీవి మూత్రం ద్వారా ఇంకో కుందేలుకు అంటుతుంది. రక్తపరీక్షలో అది ఎప్పుడో సోకిందని తెలుస్తుందే తప్ప, ఇప్పటి జబ్బుకు అదే కారణమని తేలదు. డాక్టర్లు సాధారణంగా 28 రోజులు మందు వాడిస్తారు. మందు తర్వాత కూడా కొన్నిటికి ఆ వంపు అలాగే ఉండిపోతుంది. అలా ఉండి కూడా ఏళ్ల తరబడి హాయిగా తిని తిరిగేవి ఉన్నాయి, ఆ మాటా చెప్పాలి. కానీ మొదట్లో ఉన్నట్టుండి గిరగిరా దొర్లుతాయి. కిందివైపు కన్ను ఎండిపోకుండా చుక్కలు వేస్తుండాలి. కుందేలు ఏదైనా సరే, పన్నెండు గంటలు తినకపోయినా, పెంటిక వేయకపోయినా పేగు ఆగిపోయిందేమోనని వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. కుక్కల్ని చూసే ప్రతి డాక్టరూ కుందేళ్లను చూడరు. పెన్సిలిన్ జాతి మందు నోట్లో పోస్తే ప్రాణానికే ముప్పు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు గది చల్లగా ఉందో లేదో రోజంతా ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నదే అసలు ప్రశ్న. కుందేలు ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. మామగారి వయసు ఎంతో మీరు ఉత్తరంలో రాయనేలేదు.

ఆయనకు మల్లి అంటే ఇష్టం లేదని నేను తేల్చడం లేదు. బహుశా తెల్లారి ఆయన్ని మంచం మీద నుంచి లేపుతున్నది అదేనేమో. తన చేతుల మీద ఇంకా ఒక ప్రాణం నిలబడి ఉందన్న తృప్తి ఆ వయసులో చిన్నదేమీ కాదు. ఆ మాట ఆయన నోట రావాలి. “మీకేం ఇబ్బంది లేదు కదా మామయ్యా?” అని మాత్రం అడక్కండి. దానికి ‘లేదమ్మా’ తప్ప ఇంకో జవాబు ఉండదు. మీవారి ముందూ అడక్కండి.

పది రోజులు సెలవు పెట్టండి, కుదరకపోతే ఇంటి నుంచి పని చేస్తానని ఆఫీసులో చెప్పండి. ఆయన్ని ఊరు పంపండి. మల్లిని మీ గదిలోకి మార్చి, మధ్యాహ్నం కడగడం, రాత్రి చూడడం అన్నీ మీరే చేయండి, మీవారితోనూ చేయించండి. ఊళ్లో ఉన్న మనిషికి ఫోన్ చేసి ‘మల్లి తినడం లేదు, ఏం చేయాలి’ అని అడగొద్దు. దుబాయ్ వెళ్లేవాళ్లకు మూడు వారాల దాకా ఏ మాటా ఇవ్వలేమని ఈరోజే చెప్పేయండి, ఈలోగా వాళ్లు ఇంకో ఇల్లు వెతుక్కుంటారు. ఆయన తిరిగొచ్చాక, మల్లి ఇకపై మీ గదిలోనే ఉంటుందని ముందు చెప్పి, ఆ తర్వాత రెండోదాని గురించి అడగండి. ఆయన కాసేపు ఏమీ మాట్లాడకపోతే అదే ‘వద్దు’ అని తీసుకోండి. ‘తెండమ్మా’ అన్నారనుకోండి, ఆ పది రోజులూ మీరు చేసిన పని మీరు కొనసాగించగలిగితేనే తెచ్చుకోండి.

బస్ టికెట్ ఈ ఆదివారానికే తీయండి. ఆయన బయల్దేరేలోపు పక్కన కూర్చుని, మల్లికి ఏ మందు ఎప్పుడు, ఎంత, ఏ ఆకు పడుతుంది, ఏది పడదు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. అవి ఆ ఇంట్లో ఆయనకొక్కరికే తెలుసు.