లైట్ల కోసం లక్షా నలభై వేల అప్పా? ముందు ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది పలాస. నేను జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, జీతం 38,000. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 22,000 వస్తుంది. 24 లక్షల హోమ్‌లోన్‌తో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు కడుతున్నాం. నెలకు 21,200 ఈఎంఐ మొదలైంది. ఇప్పుడు వైరింగ్ నడుస్తోంది. ఇల్లంతా స్మార్ట్ లైటింగ్ పెట్టడానికి 1,40,000 అవుతుందని కొటేషన్ ఇచ్చారు, 5,000 అడ్వాన్స్ కట్టాను. కరెంటు బిల్లు సగానికి తగ్గుతుందంటున్నారు. బ్యాంకులో 40,000 ఉంది. 18 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకోవాలా, క్రెడిట్ కార్డు మీద నో-కాస్ట్ ఈఎంఐ మంచిదా, బంగారం తాకట్టు పెట్టాలా? బల్బులు కొనాలా, స్విచ్ మాడ్యూళ్లా?

జవాబు: మూడు అప్పులూ వద్దు. కొత్త ఇల్లు కట్టుకునే చాలామంది చివరి రెండు నెలల్లో చేసే తప్పే మీరూ చేయబోతున్నారు. అసలు ఇంటికి లెక్క వేసి అప్పు తెస్తారు, హంగులకు మాత్రం లెక్క లేకుండా ఇంకో అప్పు చేస్తారు.

ముందు బిల్లు సంగతి చూద్దాం. మీ ఇంట్లో 20 ఎల్‌ఈడీలు ఉండి, ఒక్కోటి 9 వాట్లతో రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 27 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకున్నా 162 రూపాయలు. ఎవరూ లేని గదిలో లైట్లు వాటంతటవే ఆరిపోయి అందులో మూడో వంతు మిగిలిందనుకుందాం, 54 రూపాయలు. కానీ స్మార్ట్ బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా వైఫై కోసం అర వాటు దాకా తాగుతుంది. 20 బల్బులకు అది నెలకు దాదాపు 6 యూనిట్లు, అంటే 34 రూపాయలు. చివరికి మిగిలేది 20 రూపాయలు. మీ బిల్లు పెంచేవి ఫ్రిజ్, ఏసీ, గీజర్, మోటారు, లైట్లు కావు. ఆ 20 రూపాయల కోసం, 1,40,000 మొత్తాన్నీ పర్సనల్ లోన్‌గా రెండేళ్లకు తెస్తే, మీరు నెలకు 6,989 ఈఎంఐ కట్టాలి. 24 నెలల్లో వడ్డీయే 27,700 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం.

నో-కాస్ట్ ఈఎంఐలో వడ్డీని డిస్కౌంట్ రూపంలో సర్దుతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి, నగదు కొనుగోలుకు దొరికే తగ్గింపు పోతుంది. కార్డు బిల్లు ఒక్క నెల పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడున్నర శాతానికి పైగా కూడా వడ్డీ పడొచ్చు. బంగారం మీ ఇంటికి ఆఖరి ఆసరా. దాన్ని రంగులు మారే దీపాల కోసం తాకట్టు పెట్టడమేమిటి?

ఇప్పుడు నన్ను అసలు కలవరపెడుతున్న విషయం. ఈఎంఐ 21,200, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు, పెద్దవాళ్ల మందులు కలిపితే మీకు నెలకు తక్కువలో తక్కువ 45,000 కావాలి. చేతిలో ఉన్న 40,000 ఒక్క నెలకు కూడా చాలదు. జీడి పిక్కలు అందకపోయినా, జీడిపప్పు ధర పడిపోయినా ఫ్యాక్టరీలు పని ఆపేస్తాయని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ నెల మీ భార్య జీతం లోంచి ఈఎంఐ పోగా మిగిలేది 800 రూపాయలు. ఇక పర్సనల్ లోన్ కిస్తీ ఎక్కడి నుంచి తెస్తారు? హోమ్‌లోన్ బాకీ 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అక్కడి నుంచి మాట్లాడేది ఇల్లు గురించే, లైట్ల గురించి కాదు.

కాబట్టి జీతం ఆగినా గడిచేలా ఆర్నెల్ల ఖర్చుకు 2,70,000 పక్కన ఉండాలి. ఇంకా తక్కువ పడుతున్నది 2,30,000. నెలకు మీ మిగులు 15,000. అందులో 12,000 జీతం పడిన మర్నాడే పక్కకు వెళ్లేలా ఆటో డెబిట్ పెట్టండి, దాదాపు 20 నెలల్లో ఈ అత్యవసర నిధి పూర్తవుతుంది. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉండే డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఒక పదిహేను వేలు మాత్రం నోట్లుగా ఇంట్లోనే ఉండాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత మీ ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు, సెల్ టవర్ లేనప్పుడు యూపీఐ పనిచేయదు, ఏటీఎం డబ్బివ్వదు. పాల ప్యాకెట్‌కైనా, జనరేటర్ డీజిల్‌కైనా నోటే కావాలి.

అలాగని స్మార్ట్ లైటింగ్ ఆలోచన మానుకోమనడం లేదు. గోడలు మూసేశాక చేయలేని పని మాత్రమే ఇప్పుడు చేయించండి. స్విచ్ వెనక పెట్టే మాడ్యూల్‌కు న్యూట్రల్ వైరు కావాలి. ప్లగ్ పాయింట్ ఉన్న బోర్డుల్లో అది ఎలాగూ ఉంటుంది. మెట్ల దగ్గర, బాత్రూమ్ బయట, మంచం పక్కన వట్టి స్విచ్‌లే ఉన్న బోర్డుల్లో ఉండదు. వాటికి 1.5 ఎస్‌క్యూ ఎంఎం న్యూట్రల్ లాగించి, చివర టేపు చుట్టి వదిలేయమనండి. బాక్సులు లోతైనవి వేయించండి, లేకపోతే మాడ్యూల్ పెట్టాక స్విచ్ ప్లేటు గోడకు ఆనదు. రూటర్ పాయింట్‌ను ఇన్వర్టర్ లైన్‌కు కలపండి. డీబీలో, అంటే ఇంటి మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీతో పాటు హెచ్చు వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ తప్పకుండా ఉండాలి, ఎర్తింగ్ సరిగా లేకపోతే అది పెట్టీ లాభం లేదు. కరెంటు పోయి వచ్చేటప్పుడు వచ్చే హెచ్చు వోల్టేజీకి ముందు కాలేది మాడ్యూళ్లలోని సర్క్యూట్లే. ఇదంతా ఈ నెల మిగులులో 12,000 దాటకూడదు, నిధికి వేయడం వచ్చే నెల నుంచి. దాటుతోందంటే ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని ఒక్కో బోర్డూ లెక్క చూడండి.

బల్బా, మాడ్యూలా అన్నారు కదా, మీ ఇంటికి మాడ్యూలే. పెద్దవాళ్లు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తారు, అంతటితో స్మార్ట్ బల్బు ఫోన్‌కు అందదు. మాడ్యూల్ ఉంటే స్విచ్ మామూలుగానే పనిచేస్తుంది, లోపల 80 రూపాయల ఎల్‌ఈడీ చాలు. చవక వైఫై పరికరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. ఇంటర్నెట్ వాళ్లిచ్చే రూటర్‌కు ముప్పై తగిలిస్తే ఒక్కొక్కటే ఆఫ్‌లైన్ అయిపోవచ్చు. పదికి మించాలనుకుంటే హబ్ (అన్నిటినీ కలిపే చిన్న పెట్టె) పెట్టి, వైఫై బదులు దాంతో మాట్లాడే జిగ్‌బీ రకం తీసుకోండి, నెట్ లేకపోయినా ఇంట్లో పనిచేస్తుందో లేదో అడిగి మరీ కొనండి. ఏది కొన్నా యాప్‌లో 'కరెంటు వచ్చాక పాత స్థితి' అన్న సెట్టింగ్ పెట్టండి, లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే ఇల్లంతా వెలిగిపోతుంది. మోటారును లైటు మాడ్యూల్‌కు ఎప్పుడూ కలపకండి. నిధి పూర్తయ్యాక వరండా, మెట్లు, హాలుకు నాలుగు మాడ్యూళ్లతో మొదలుపెట్టండి, నగదుతోనే కొనండి.

ఇక నెలకు మిగిలే 3,000 బీమాకు. అప్పే 24 లక్షలు ఉంది కాబట్టి మీ పేరున కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. ఫ్యాక్టరీ ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, ఇంటిల్లిపాదికీ వర్తించే సొంత ఆరోగ్య బీమా (ఫ్యామిలీ ఫ్లోటర్) వేరుగా ఉండాలి. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఉంటే ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బుకు క్లెయిమ్ కోసం ఆగాల్సిన గడువు మూడేళ్లు మించకూడదు, దాచిపెడితే మాత్రం క్లెయిమే పోవచ్చు. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. తుపాను, వరద నష్టం అందులో ఉంటుంది, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామాన్లకు కూడా వర్తిస్తుంది. కానీ హెచ్చు వోల్టేజీకి, షార్ట్ సర్క్యూట్‌కు ఒక పరికరం దానంతటదే కాలిపోతే ఆ పరికరానికి డబ్బు రాదు. సర్జ్ ప్రొటెక్టర్ గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే.

హోమ్‌లోన్ ముందే తీర్చడం, సిప్‌లు, బంగారం కొనడం, ఇవన్నీ నిధి తర్వాతే.

కట్టిన 5,000 అడ్వాన్స్ తిరిగి అడగండి. తిరిగి ఇవ్వబోమంటే అదే దుకాణంలో సర్జ్ ప్రొటెక్టర్, ఆర్‌సీసీబీ, లోతు బాక్సులు ఆ డబ్బుకు తీసుకుని బిల్లు రాయించుకోండి. మిగతా 1,35,000కు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.