నేరశాస్త్రమా, మనస్తత్వశాస్త్రమా, భద్రతా పరిశోధనా?

ప్రశ్న: సామాజిక మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశాను. నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత భద్రతా పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. ఇలా మూడు రంగాల్లో తిరిగితే ఏ విభాగమూ నన్ను తన మనిషిగా చూడదని మా అధ్యాపకులు హెచ్చరిస్తున్నారు. అధ్యాపక వృత్తిలో ఇలాంటి ప్రయాణం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. మీ అధ్యాపకుల మాటలోనూ నిజముంది గానీ, ముందుగా నేరశాస్త్రవేత్త రొనాల్డ్ క్లార్క్ గురించి చెప్పాలి. ఆయన చదివింది క్లినికల్ సైకాలజీ. 1960లలో ఇంగ్లండ్‌లో, నేరాలకు పాల్పడిన బాలలను ఉంచే శిక్షణ పాఠశాలల్లో పరిశోధకుడిగా చేరి, అక్కడి నుంచి పారిపోయే పిల్లల స్వభావంలో ప్రత్యేక లక్షణాలేమైనా ఉన్నాయా అని వెతికారు. చెప్పుకోదగ్గవేవీ దొరకలేదు. పారిపోవడమనేది పిల్లవాడి మనస్తత్వం కన్నా ఆ పాఠశాల వాతావరణం మీద, అక్కడ దొరికే అవకాశం మీద ఎక్కువగా ఆధారపడి ఉందని తేలింది. తర్వాత బ్రిటిష్ హోం శాఖ పరిశోధన విభాగంలోనూ, ఆపైన అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలోనూ ఆయన పెంపొందించిన పరిస్థితి ఆధారిత నేర నివారణ, అంటే మనిషిని మార్చడం కన్నా నేరానికి దొరికే అవకాశాన్ని తగ్గించడం అనే ఆలోచనకు బీజం అక్కడే పడింది.

ఆయన సహ పరిశోధకులతో కలిసి 1989లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని నా విద్యార్థులకు తరచూ వివరిస్తుంటాను. పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేకుండా మోటార్‌సైకిల్ నడిపేవారికి 1980లో అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. అది ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటే తప్ప దొంగలను ఉద్దేశించింది కాదు. అయినా ఏడాదికి సుమారు 1,50,000గా ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986 నాటికి దాదాపు 54,000కు పడిపోయాయి. బండి కనబడగానే ఎత్తుకుపోదామనుకున్నవాడి దగ్గర ఆ క్షణంలో హెల్మెట్ ఉండదు, అది లేకుండా రోడ్డెక్కితే పోలీసుల కళ్లలో పడతాడు. వాళ్లంతా కార్ల దొంగతనాలకు మళ్లారా అంటే, అవి ఆ మేరకు పెరగలేదు. ఈ అధ్యయనంలో మనస్తత్వశాస్త్రం ఎక్కడ ముగిసిందో, నేరశాస్త్రం ఎక్కడ మొదలైందో గీత గీసి చూపడం నాకు ఇప్పటికీ సాధ్యం కాదు.

మీ ఎం.ఏ.కు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనొవీస్ అనే యువతి హత్య జరిగినప్పుడు ఇరుగుపొరుగువారు సాయానికి రాలేదని పత్రికలు రాశాయి. ఆ తర్వాత మనస్తత్వవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే జరిపి 1968లో ప్రచురించిన ప్రయోగాల్లో, చుట్టూ ఇతరులు ఉన్నారని తెలిసినకొద్దీ ఒక్కొక్కరు సాయానికి కదిలే అవకాశం తగ్గుతుందని కనబడింది. దశాబ్దాల తర్వాత, ఆమ్‌స్టర్‌డామ్, లాంకస్టర్, కేప్‌టౌన్ నగరాల భద్రతా కెమెరాల్లో నమోదైన 219 ఘర్షణలను పరిశీలించిన ఒక బృందం, వాటిలో 91 శాతం ఘటనల్లో కనీసం ఒకరైనా జోక్యం చేసుకున్నారని 2019లో వెల్లడించింది. చూసేవారు ఎక్కువగా ఉన్నచోట ఎవరో ఒకరు అడ్డుపడే అవకాశమూ ఎక్కువగానే ఉంది. పాత ఫలితాన్ని ఇది కొట్టివేయదు: అక్కడి ప్రశ్న ఒక్కో మనిషి ఏం చేస్తాడన్నది, ఇక్కడిది బాధితుడికి సాయం అందుతుందా లేదా అన్నది. భద్రత కోసం పెట్టిన కెమెరాలు మనస్తత్వశాస్త్రంలోని పాత ప్రశ్నను మళ్లీ తెరిచాయి.

ఇక హెచ్చరిక విషయం. ఉద్యోగ ప్రకటనలు విభాగాల వారీగానే వెలువడతాయి, ఎంపిక సంఘాల్లో కూర్చునేవారూ తమ శాస్త్రం కొలతలతోనే చూస్తారు. కాబట్టి నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినా, ప్రయోగ రూపకల్పన, గణాంక విశ్లేషణ వంటి మీ మొదటి శాస్త్రపు పద్ధతులను వదలకండి. భద్రతా రంగానికి మీ నుంచి కావలసింది కూడా అదే. ఉద్యోగులు పాస్‌వర్డ్ నిబంధనలను దాటవేయడానికి వారి నిర్లక్ష్యం కన్నా, ఆ నిబంధనలు రోజువారీ పనికి అడ్డు తగలడమే పెద్ద కారణమని ఆన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ 1999లో చూపారు. మనుషులను అడిగి తెలుసుకునే ఓపిక ఉండబట్టే వారికి అది దొరికింది.

ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజు నుంచే పాటించండి. భద్రతా పరిశోధనకు పోలీసు, రక్షణ సంస్థలు నిధులిచ్చే సందర్భాలు ఎక్కువ. రహస్యమన్న పేరుతో ఫలితాలు అల్మారాలో ఉండిపోతే, ఉద్యోగానికి దరఖాస్తు చేసే నాటికి మీ చేతిలో చూపడానికి వ్యాసమే ఉండదు. ఫలితాలు వారికి నచ్చకపోయినా ప్రచురించే హక్కు మీదేనని ఒప్పందంలో రాయించుకున్నాకే పని మొదలుపెట్టండి.