ఇంటర్ పిల్లాడి గురక, క్లాసులో కునుకు

మీ అబ్బాయికి పదహారేళ్లు, రాత్రి గురక, గుంటూరు కాలేజీలో మొదటి పీరియడ్‌కే కునుకు అన్నారు కదండీ. ముందు నిద్ర చాలడం లేదా, శ్వాస ఆగుతోందా అన్నది తేల్చాలి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లారి ఐదుకే లేపడం అయితే ఏ జబ్బూ లేకపోయినా తూగుతాడు. దసరా సెలవుల్లో వారం పది రోజులు తొమ్మిది గంటలు పడుకోనివ్వండి. అయినా మత్తు వదలకపోతే స్లీప్ ఆప్నియాను (నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం) అనుమానించాలి. గురకైతే ఎలాగూ డాక్టరుకు చూపించాల్సిందే.

తెల్లవారుజామున, చొక్కా లేకుండా, నోరూ ఛాతీ కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి. ఈ సమస్య ఆ వేళే ఎక్కువగా బయటపడుతుంది. గురక ఠక్కున ఆగి, ఛాతీ ఎగసిపడుతున్నా శబ్దం లేక, తర్వాత ఒక్కసారిగా గుక్క తిప్పుకుంటే అదే అసలు గుర్తు. (గురక పెడితే గాఢ నిద్ర అనే మాట నమ్మకండి.)

ఆ వీడియోతో ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే కండ), ముక్కు దూలం వంకర, బరువు చూస్తారు. స్లీప్ స్టడీ (నిద్రలో శ్వాసను కొలిచే పరీక్ష) చేస్తే, రిపోర్టులో ఏహెచ్‌ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా తగ్గింది అన్న అంకె, పెద్దల లెక్కన చూశారో పిల్లల లెక్కన చూశారో తప్పక అడగండి: గంటకు 3 వస్తే పెద్దల లెక్కలో నార్మల్, పిల్లల లెక్కలో 1 దాటితేనే తేడా. టాన్సిల్స్ పెద్దవైతే ఆపరేషన్ చాలామందికి పనిచేస్తుంది. ఒళ్లు ఎక్కువుంటే సమస్య కొంత మిగిలిపోవచ్చు, అప్పుడు సీపాప్ (మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చి శ్వాసదారి తెరిచి ఉంచే మెషీన్).

మత్తొచ్చే జలుబు మాత్రలు సొంతంగా వేయకండి. తేలేదాకా బండి తాళాలు ఇవ్వకండి.