అవునన్నవారూ కాదన్నవారూ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. సందర్శకుల గ్యాలరీలో కూర్చుని శాసనసభలో చూసిన ఒక రోజును ఓపికగా రాశావు. ఎండలో మెరిసే తెల్లని గుమ్మటాలకు ఒకటిన్నర పేజీ ఇచ్చావు. పోడియం దగ్గరికి దూసుకొచ్చిన సభ్యులకు, చించి విసిరిన కాగితాలకు, మార్షల్స్ రంగప్రవేశానికి ఏడు పేజీలు పట్టాయి. మిగిలినదంతా నీ ఆవేదన. వాక్యం మీద నీకు పట్టు ఉంది, అందులో నాకు సందేహం లేదు. అయితే అయిదో పేజీలో ఒక చిన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "ఆ రభసలోనే ఏవో బిల్లులు పాసయ్యాయి." ఆ "ఏవో" అన్న మాటే నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది.

గుమ్మటాల సంగతి ముందుగా తేల్చేస్తాను. హైదరాబాదులో 1905లో మొదలై 1913లో పూర్తయిన ఆ కట్టడం అందమైనదే, కాని నువ్వు చూసిన సభ కూర్చున్నది దాని కింద కాదు, ఆ తరువాత పక్కన కట్టిన భవనంలో. కాబట్టి ఆ ఒకటిన్నర పేజీని ఒక్క వాక్యానికి తగ్గించు. మాటల్లో దొర్లిన పొరపాట్లు అంతకన్నా పెద్దవి. "స్పీకర్ ఆగ్రహించి సభను రద్దు చేశారు" అని రాశావు. సభను రద్దు చేసే అధికారం రాజ్యాంగం గవర్నరుకు ఇచ్చింది, రద్దయితే ఎన్నికలు వస్తాయి. స్పీకర్ చేసింది పది నిమిషాల వాయిదా మాత్రమే. ప్రతిపక్షం ఇచ్చిన "వాయిదా తీర్మానం" ఇంకొక సంగతి. ఆ రోజు జాబితాలో ఉన్న పనిని పక్కనపెట్టి ఒక అత్యవసర విషయాన్ని ముందు చర్చించమని అడిగే తీర్మానం అది. స్పీకర్ దాన్ని తిరస్కరించడం, తిరస్కరించగానే సభ్యులు లేచి నిలబడడం ఎంత అలవాటైన వ్యవహారమంటే, ఉదయాన్నే కాగితం చూసిన విలేఖరులు ఆ ఘట్టం ఎన్ని గంటలకు వస్తుందో ముందే చెప్పగలరు. నువ్వు ఏడు పేజీలు రాసిన తుఫాను నిత్యం వచ్చిపోయే గాలివాన.

మరి అసలు రోజు ఎక్కడుంది? ఆ కాగితంలో ఉంది. సభ్యుల బల్లల మీద, పత్రికా గ్యాలరీలో ప్రతి ఉదయం పెట్టే ఆ రోజు కార్యక్రమాల జాబితాను నువ్వు చూశావో లేదో తెలియదు. ప్రశ్నోత్తరాలు, సభ ముందుంచే పత్రాలు, ప్రవేశపెట్టే బిల్లులు, చర్చించే పద్దులు అన్నీ వరుస సంఖ్యలతో అందులో ఉంటాయి. చూడడానికి పెళ్లి సామాన్ల జాబితాలా పొడిగా ఉంటుంది. నేను మొదటి రెండేళ్లు దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాణ్ణి, మూడో ఏడు నుంచి చదవడం మొదలుపెట్టాను. రచయితగా నాకు పనికొచ్చిన చదువుల్లో అదొకటి.

ప్రశ్నోత్తరాలనే తీసుకో. నక్షత్రపు గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకమైన సమాధానం వస్తుంది. ప్రశ్న ఎ, బి, సి అని ముక్కలుగా ఉంటుంది. ఫలానా మండలంలో వంతెన పనులు ఆగిపోయిన మాట నిజమేనా, నిజమైతే కారణాలేమిటి, ఎప్పటికి పూర్తవుతాయి? సమాధానం కూడా ముక్కలుగానే వస్తుంది: ఎ) కాదండి. బి, సి) ప్రశ్న ఉత్పన్నం కాదు. గ్యాలరీలో కూర్చున్న కొత్తవాళ్లు అక్కడ నవ్వుతారు, నువ్వూ నవ్వి ఒక చమత్కారం రాశావు. నేనైతే అక్కడ నవ్వవద్దంటాను. పనులు "ఆగిపోయాయా" అని అడిగితే "కాదు" అనడానికి వీలున్నది, ఎందుకంటే అక్కడ నలుగురు కూలీలు, ఒక మిక్సర్ ఉండవచ్చు. "ఎన్ని నెలలుగా ఎంత శాతం పని జరిగింది" అని అడిగి ఉంటే ఆ తలుపు మూసుకునేది. ఒక్క క్రియ ఎంపికలో వంతెన జారిపోయింది. మాటలతో బతకదలచినవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠశాల నాకు తెలియదు.

ఆ "కాదండి" ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకో. ప్రశ్న సచివాలయంలో శాఖకు చేరుతుంది, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. కార్యాలయాల్లో దాన్ని, లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అన్న మాటను కుదించి, ఎల్‌ఏక్యూ అంటారు. "ఎల్‌ఏక్యూ వచ్చింది" అంటే ఆ సాయంత్రం గుమాస్తా ఇంటికి ఆలస్యంగా వెళ్తాడని అర్థం. పాత ఫైళ్లు దించి, ఇంజనీరుకు ఫోన్లు చేసి, అంకెలు పట్టికలో వేసి అతను పైకి పంపిన రెండు పేజీల నుంచి మంత్రి చేతికి ఒక్క మాట మిగులుతుంది. అనుబంధ ప్రశ్నలకు పనికివచ్చే వివరాల కాగితం వేరుగా ఉంటుంది. అది చాలనప్పుడు అధికారుల గ్యాలరీ నుంచి చీటీలు వస్తాయి. చీటీ అందిన తరువాత మంత్రి గొంతు మారే తీరును నువ్వు చూశావు, రాశావు కూడా, అది నీ పేజీల్లోకెల్లా మంచి వాక్యం. ఆ చీటీ రాసిన మనిషి వైపు మాత్రం చూడలేదు.

జీరో అవర్ గురించి ఎక్కువ చెప్పను. సభ్యులు తమ ఊరి సంగతి ఒకటి రెండు నిమిషాల్లో చెప్పుకుంటారు, మంత్రులు "నోట్ చేసుకున్నాం అధ్యక్షా" అంటారు. ఎన్ని నోట్ అయ్యాయో, వాటిలో ఎన్ని తరువాత ఎక్కడ తేలాయో వెనక్కి వెళ్లి వెతికే ఓపిక ఉంటే అదొక ప్రత్యేక వ్యాసం.

సభలో జనం పలచగా ఉన్నారని మధ్యాహ్నం గురించి బాధపడ్డావు. బాధపడే ముందు లెక్కపెట్టవలసింది. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం పదిమంది లేదా మొత్తం సభ్యుల్లో పదోవంతు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కోరం. 119 మంది ఉన్న తెలంగాణ శాసనసభకు పన్నెండు మంది చాలు, 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభకు పద్దెనిమిది మంది కావాలి. 40 మంది ఉన్న తెలంగాణ మండలికీ, 58 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ మండలికీ పదిమందే. "సభ బోసిపోయింది" అనేకన్నా "పంతొమ్మిది మంది ఉన్నారు, వారిలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు" అంటే పాఠకుడికి ఆ గది కనిపిస్తుంది, నిందించాలో వద్దో అతనే తేల్చుకుంటాడు.

ఇప్పుడు "ఏవో బిల్లుల" దగ్గరికి వస్తాను. బిల్లును ప్రవేశపెట్టడం ఒక మెట్టు, పరిశీలనకు తీసుకోవడం ఇంకొక మెట్టు. తరువాత క్లాజుల వారీగా ఓటు. విచిత్రమేమంటే రెండో క్లాజు నుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి, అప్పుడు వెనక్కి వచ్చి ఒకటో క్లాజును, చట్టం ఉద్దేశాన్ని చెప్పే దీర్ఘ శీర్షికను ఆమోదిస్తారు. చట్టం పేరు సాధారణంగా ఆ ఒకటో క్లాజులోనే ఉంటుంది. ఒళ్లంతా తయారైన తరువాత పేరు పెట్టడమన్నమాట. కథ ముగిశాక శీర్షిక వెతుక్కునే నాలాంటివాడికి ఈ పద్ధతి మొదటినుంచీ ఇష్టం. ఇదంతా చర్చ లేని రోజున నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి, వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి" అన్న మాటలు ఎన్నిసార్లు వినిపిస్తే అన్ని నిర్ణయాలు జరిగాయని లెక్క. అప్పుడు కూడా అది చట్టం కాదు. మండలి ఉన్న రాష్ట్రంలో మండలికి, ఆపైన గవర్నరు ఆమోదానికి వెళ్లాలి. నీ వ్యాసంలో "ఆ సాయంత్రానికి చట్టమైపోయింది" అన్న మాట కొట్టెయ్.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. కొత్తలో ఒక బిల్లు గురించి "సభ ఏకగ్రీవంగా ఆమోదించింది" అని రాశాను. నిజానికి ఆమోదించింది మూజువాణి ఓటుతో. నాలుగు రోజుల తరువాత ఒక సభ్యుడి నుంచి పోస్టుకార్డు వచ్చింది, అందులో ఒకే వాక్యం: "నేను కాదన్నాను." గట్టిగా అన్నారో లేదో నాకు తెలియదు, నేను ఆ సమయంలో క్యాంటీన్‌లో టీ తాగుతున్నాను. ఆ కార్డును చాలా ఏళ్లు బల్ల సొరుగులో ఉంచుకున్నాను.

మూజువాణి అంటే నోటిమాట అని అర్థం, హిందుస్తానీ నుంచి మనకొచ్చిన మాట. తలలు లెక్కపెట్టరు, గొంతుల బలాన్ని బట్టి స్పీకర్ తేలుస్తారు, ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే లెక్క. చిన్న విషయాలకే ఈ పద్ధతి అనుకోకు. రాష్ట్ర పునర్విభజన బిల్లును తిరస్కరిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పెట్టిన తీర్మానాన్ని 2014 జనవరి 30న సభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. మూడో అధికరణం కింద సభ అభిప్రాయం తీసుకుంటే చాలు, సమ్మతి అక్కరలేదు కాబట్టి పార్లమెంటు ఆ ఫిబ్రవరిలోనే బిల్లును ఆమోదించింది. ఇందుకు భిన్నంగా, శాసనమండలి రద్దు కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020 జనవరి 27న చేసిన తీర్మానానికి అనుకూలంగా 133 మంది అని లెక్క తేలింది. 169వ అధికరణం మొత్తం సభ్యుల్లో సగానికి మించిన మద్దతును, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతును కోరుతుంది, గొంతులతో అది తేలదు. ఆ తీర్మానాన్ని 2021 నవంబరులో అదే సభ ఉపసంహరించుకుంది. "సభ ఆమోదించింది" అన్న రెండు మాటల కింద ఇన్ని తేడాలున్నాయి. వాటిలో నువ్వు చూసినది ఏదో నీకు తెలియాలి.

డబ్బు సంగతి మామూలుగా మన రచయితలకు విసుగు, అందుకే ఇక్కడ కొంచెం నిలుస్తాను. బడ్జెట్ సమావేశాల్లో శాఖల ఖర్చు పద్దులుగా ఓటుకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో రోమన్ అంకెలు వేసిన ఆ జాబితాలో మొదటి పద్దు శాసన వ్యవస్థదే. అయితే అదే సభ ఖర్చులో స్పీకర్ జీతం ఓటుకు రాదు. గవర్నరు, హైకోర్టు న్యాయమూర్తుల జీతాల్లాగా, అప్పుల మీద వడ్డీలాగా, అది నేరుగా రాష్ట్ర సంచిత నిధి మీద పడుతుంది. ఎవరి కోపం వల్లా ఆగకూడదని అలా పెట్టారు. పద్దుల మీద సభ్యులు కోత తీర్మానాలు ఇస్తారు. వాటిలో ఒక రకం, కోరిన మొత్తంలో వంద రూపాయలు తగ్గించమని అడుగుతుంది. వేల కోట్ల పద్దులో వంద రూపాయలు! ఓడిపోతుందని తెలిసే ఇస్తాడు సభ్యుడు, ఎందుకంటే ఆ వంద రూపాయల కారణంగా తన ఊరి చెరువు పేరు, తన ఆసుపత్రిలో లేని వైద్యుడి ఖాళీ అచ్చులోకి ఎక్కుతాయి. గడువు ముగిసిన రోజు చర్చకు రాని పద్దులన్నీ గిలెటిన్ కింద ఒకదాని వెంట ఒకటి ఆమోదం పొందుతాయి. ఆ పద్దుల్లో ఏ శాఖలున్నాయో రాసుకో. చర్చ జరిగిన శాఖల గురించి అందరూ రాస్తారు.

అచ్చు అన్నాను కనుక సభా నివేదికల మాట కూడా చెప్తాను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చల పాత సంపుటాలు దొరికితే చదువు. సభ్యుడు మాట్లాడిన భాషలోనే ప్రసంగం ఉంటుంది, అందువల్ల ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు, అక్కడక్కడ ఉర్దూ కలిసి కనిపిస్తాయి. కొన్ని ప్రసంగాల మొదట ఒక నక్షత్రం ఉంటుంది, ఆ సభ్యుడి ధ్రువీకరణ సకాలంలో అందలేదని దాని అర్థం. కథకుడికి ఆ నక్షత్రమున్న ప్రసంగాలు రుచిగా ఉంటాయి, ఎందుకంటే దిద్దుబాటు పడని మాట అక్కడ అలాగే మిగిలే అవకాశం ఉంది. "రికార్డుల నుంచి తొలగిస్తున్నాను" అని స్పీకర్ చెప్పిన మాట మాత్రం ఏ సంపుటంలోనూ ఉండదు. నీ వ్యాసంలో అలాంటి మాటను ఉటంకించావు, దాన్ని తీసెయ్. తొలగించిన మాటను అచ్చువేస్తే సభా హక్కుల ఉల్లంఘన నోటీసు రావచ్చు.

తిరగరాసేటప్పుడు రభసను పూర్తిగా వదలమని అనడం లేదు. ఏడు పేజీలను రెండుకు తగ్గించి, ఆ రెండు పేజీల మధ్యలో స్పీకర్ గొంతు వినిపించేలా చెయ్: క్లాజు రెండు, క్లాజు మూడు, అవును, కాదు. గొడవకు వ్యాఖ్య అక్కరలేదు, పక్కనే జరుగుతున్న పని ఉంటే చాలు. "చేయబడినది", "ఉంచడమైనది" అన్న సభా భాషను వెక్కిరించకు, అలాగని నీ వాక్యంలోకి రానివ్వకు కూడా. ఎవరు చేశారు, ఎవరు ఉంచారు అని ప్రతిసారీ వెతికి పేరు పెట్టు.

వచ్చే సమావేశాల్లో ప్రశ్నోత్తరాల తరువాత కూడా కూర్చో, భోజన విరామం తరువాత మరీ కూర్చో. అంతకన్నా ముందు నువ్వు రాసిన ఆ తేదీ కార్యక్రమాల జాబితాను, ఆ రభసలో పాసైన బిల్లుల ప్రతులను సంపాదించు. మా ఇంటికి వచ్చేటప్పుడు అవి తీసుకురా, మధ్యాహ్నం ఎండ తగ్గాక వరండాలో కూర్చుని క్లాజుల వారీగా చదువుదాం. మీ అమ్మగారి ఊరి పంచాయతీ పేరు వాటి షెడ్యూల్లో, అంటే బిల్లు చివర జతచేసే జాబితాలో, ఉందేమో కూడా చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి