స్కానర్ కోర్సు తర్వాత, ముందు మల్టీమీటర్

ప్రశ్న: మావాడు డీజిల్ మెకానిక్ ఐటీఐ చేసి గుంతకల్లులో ఒక షెడ్డులో చేరినాడు. ఒక బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండికి, స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరం) చూపిన కోడ్ చూసి, సైలెన్సర్ వేడి చూసే సెన్సార్ రెండుసార్లు మార్చినా డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు ఆరలేదంట. స్కానర్ కోర్సు చేస్తేనే ఇవి తెలుస్తాయని ఫీజు అడుగుతా ఉన్నాడు. కట్టాల్నా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ షెడ్డులో స్కానర్ ఉంది, కోడ్ కూడా చూపించింది. దాన్ని చదవడంలోనే పొరపాటు జరిగింది. పి0545 అంటే సిగ్నల్ ఉండాల్సినదానికన్నా తక్కువ, పి0546 అంటే ఎక్కువ, అంతే. సెన్సార్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. వైరు, కనెక్టర్, సెన్సార్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), తప్పు ఏదైనా కావచ్చు.

రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్కానర్‌లో ఎగ్జాస్ట్ సెన్సార్లన్నీ, కూలెంటు, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతలు పక్కపక్కన చూడమనండి. చల్లటి బండిలో అన్నీ ఇంచుమించు ఒకటే ఉండాలి. మిగతావి 30 అంటుంటే ఒకటి 90 అంటే వెతకాల్సిన చోటు అదే.

తర్వాత కనెక్టర్ ఊడదీసి సెన్సార్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ (కరెంటుకు అడ్డు ఎంతో) కొలవాలి. చాలా బండ్లలో వాడే ప్లాటినం రకం 0 డిగ్రీల దగ్గర 200 ఓమ్స్, 30 డిగ్రీలకు సుమారు 223 చూపుతుంది. మన ఎండల్లో మధ్యాహ్నం 42 డిగ్రీలప్పుడు 232 దాకా వచ్చినా అది మంచిదే. మీటర్‌లో ఏమీ రాకపోతే లోపల తెగినట్టు. అనుమానముంటే విప్పి, కొనకు హీట్ గన్ పెడితే అంకె కుదుపుల్లేకుండా పెరగాలి. కొన్ని కంపెనీలు వేడికి ఓమ్స్ తగ్గే రకం వాడతాయి. ఇంకొన్నిటిలో థర్మోకపుల్ (వేడికి వోల్టేజీ పుట్టించే రకం) ఉంటుంది, దానికి ఈ పరీక్ష పనికిరాదు. అందుకే ఏ రకమో మాన్యువల్‌లో చూశాకే మీటర్ పట్టాలి.

సెన్సార్ బాగుంటే వైరింగ్ వైపు తిరగాలి. తాళం ఆన్‌లో, ఊడదీసిన కనెక్టర్‌లో బండి వైపు ఒక పిన్నుకు దాదాపు 5 వోల్టులు రావాలి. ప్లాటినం రకానికి కనెక్టర్ ఊడితే స్కానర్‌లో ఉష్ణోగ్రత పైకొసకు, బండి వైపు రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే కింది కొసకు పోతుంది. అలా పోయిందంటే వైరు, ఈసీయూ రెండూ బాగున్నట్టే. రెండు కొత్త సెన్సార్లు వేసినా లైటు వచ్చిందంటే నా అనుమానం వైరు మీదే: సైలెన్సర్‌కు తగిలి కరిగిందో, ఎలుక కొరికిందో, పిన్ను తుప్పు పట్టిందో. లేదా టర్బో దగ్గర పెట్టాల్సింది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) దగ్గరిది తారుమారై ఉండొచ్చు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి.

విప్పేటప్పుడు తుప్పు వదిలే నూనె వేసి నానబెట్టి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పాలి. లేకుంటే మరలు తెగి, వెయ్యి రూపాయల పని పదివేలవుతుంది.

లైటును ఇలాగే వదిలేస్తే ఈసీయూ రీజనరేషన్ (డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని కాల్చేయడం) ఆపేస్తుంది. మసి కాలడానికి దాదాపు 600 డిగ్రీలు కావాలి. కొలత నమ్మలేనప్పుడు అంత వేడి పెట్టే సాహసం అది చేయదు. డీపీఎఫ్ మూసుకుపోయి బండి లాగదు. అప్పుడు ఎవరో డీపీఎఫ్ పీకేద్దామంటారు. మీవాడు ఆ చట్టవిరుద్ధమైన పని నేర్చుకోకూడదు.

ఇక డబ్బు సంగతి. ముందు ఒక మల్టీమీటర్ కొనివ్వండి, వెయ్యి లోపే మంచిది దొరుకుతుంది. ఆర్టీసీ మన జిల్లాలవాళ్లకు కర్నూలు జోనల్ స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీ ద్వారా డీజిల్ మెకానిక్ అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఇప్పుడే పేరు నమోదు చేయించండి. ట్రాక్టర్ల మీద ఇష్టముంటే మీకు దగ్గర్లోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కాలుష్య నిబంధనలు బిగిశాయి. సెన్సార్ల పని అక్కడికీ వచ్చింది.

స్కానర్ కోర్సు ఆ తర్వాత చూద్దాం. అప్పుడైనా, నడిచే బీఎస్-6 ఇంజిన్ ఉందా, ఒక్కో ఇంజిన్ మీద ఎంతమంది పిల్లలు చేయిపెడతారు అని అడిగాకే ఫీజు కట్టండి. గోడ మీద బొమ్మలు చూపించే చోటైతే లేచి వచ్చేయండి.