మైసోరిన్ రాయికి కొత్త కార్డు రాసేముందు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. రాయి కంటే దాని కింద అంటించిన చీటీయే నాకు ఎక్కువ నచ్చింది. "మైసోరిన్, నెల్లూరు జిల్లా". సిరా వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి. ఎగ్జిబిషన్‌లో "ప్రపంచంలోనే అరుదైన రాగి ఖనిజం, మన జిల్లా సొంతం" అని కార్డు పెడతానన్నావు. ఆ కార్డు అప్పుడే ప్రింటుకి ఇవ్వొద్దు.

మన జిల్లా పేరు చెబితే అందరికీ గూడూరు, సైదాపురం వైపు అబ్రకమే గుర్తొస్తుంది. రాగి సంగతి చాలామందికి తెలియదు. బెంజమిన్ హైన్ అని ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఒకాయన మొక్కలతో పాటు రాళ్లను కూడా పట్టించుకున్నాడు. కాళహస్తి, వెంకటగిరి, నెల్లూరు ప్రాంతాల రాగి గనుల మీద ఆయన రాసిన నివేదిక 1814లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉంది. అదే ఏడాది థామస్ థామ్సన్ అనే స్కాట్లాండ్ కెమిస్టు, హైన్ ద్వారా వచ్చిన ఒక రాగి రాయిని పరీక్ష చేసి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. రాగి కార్బనేటే గానీ ఇందులో నీరు లేదు, కాబట్టి ఇది కొత్త రకం అన్నది ఆయన వాదన. అది మైసూరు నుంచి వచ్చిన రాయి అన్నారు గనుక మైసోరిన్ అయింది. పేరుకున్న అర్థం అంతే, మైసూరుది అని. చివరి "ఇన్" చూసి కంగారు పడకు. ఇప్పుడు ఖనిజాల పేర్లు ఎక్కువగా "ఐట్" అని ముగుస్తాయి గానీ, పాతకాలంలో అందరూ ఆ పద్ధతి పాటించలేదు. నువ్వు దాన్ని సరిచేస్తున్నాననుకుని "మైసోరైట్" అని మాత్రం రాయకు.

అసలు చిక్కు ఇక్కడుంది. తర్వాతివాళ్లు చూస్తే అది కొత్త ఖనిజం కాదు. ఇనుము తుప్పు లాంటివి కలిసిన మాలకైట్ అనే ఆకుపచ్చ రాగి ఖనిజం, అంతే. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఒప్పుకున్న ఖనిజాల జాబితాలో మైసోరిన్ లేదు. కాబట్టి "అరుదైన ఖనిజం" అంటే తప్పు. అరుదైనది పేరు. అలాగని ఆ పేరు కొట్టేయనూ వద్దు. 1879లో భారత భూవిజ్ఞాన సర్వే రికార్డుల్లో మాలెట్ అనే ఆయన నెల్లూరు జిల్లాలో దొరికిన మైసోరిన్, ఇంకో రాగి ఖనిజమైన అటకమైట్‌ల గురించి ఒక వ్యాసం రాశాడు. మీ చీటీ రాసినవారు గాలిలోంచి తీసి రాయలేదన్నమాట. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు వాడిన మాటే రాశారు. అలాంటి చీటీని పీకి పారేసి కొత్తది అంటిస్తే ఆ రాయికి పుట్టుపూర్వోత్తరాలే లేకుండా పోతాయి. చీటీ ఊడొస్తుంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి రాయి పక్కనే ఉంచు. ఫెవికాల్ పెట్టకు.

ఇంకొక మాట. పేరులో ఊరుంటే రాయి ఆ ఊరిదని కాదు. అటకమైట్‌కి చిలీలోని అటకామా ఎడారి పేరు పెట్టారు, మరి అది మన దగ్గరా దొరికింది. చీమకుర్తి నల్లరాయిని గెలాక్సీ అని అమ్ముతున్నారు, అది ఆకాశంలోంచి ఊడిపడిందా? అలాగే ఉదయగిరి వైపు గరిమెనపెంటలో పాత రాగి తవ్వకాలున్నాయి కదా అని కార్డు మీద గరిమెనపెంట అని నువ్వే వేసేయకు. చీటీలో జిల్లా పేరే ఉంది, అక్కడితో ఆగు.

ఇక పరీక్షలు. మీ కెమిస్ట్రీ ల్యాబ్ చాలు. అడుగువైపు నుంచి చాకు మొనతో పెసరగింజంత పొడి గీకు, ముందువైపు ముట్టుకోకు. ఆకుపచ్చ ముక్కలే ఏరుకో. వాటిలో కొంచెం పొడి టెస్ట్‌ట్యూబ్‌లో వేసి వేడి చేస్తే నల్లగా మారి, పైన గోడల మీద నీటి బొట్లు పడతాయి. థామ్సన్ లేదన్న నీరు అదే. అయితే మీ రాయిలో గోధుమరంగు తుప్పు కూడా కనబడుతోంది. ఆ తుప్పులోనూ నీరుంటుంది. అందుకే ఏరుకోమన్నాను. బొట్లు చూడగానే మాలకైట్ అని కేకలేయకు. ఇంకొంచెం పొడి మీద పలచటి నైట్రిక్ ఆసిడ్ (హైడ్రోక్లోరిక్ వద్దు) చుక్క వేస్తే బుడగలొస్తాయి. సున్నపురాయి కూడా అలాగే పొంగుతుంది కాబట్టి ఆ ద్రావణంలో కొంచెం ఎక్కువగానే అమ్మోనియా పోసి చూడు. ముదురు నీలం వస్తే రాగి ఉన్నట్టు.

హైడ్రోక్లోరిక్ ఎందుకు వద్దంటున్నానో చెప్తా. అటకమైట్‌లో క్లోరైడ్ ఉంటుంది, అది పొంగదు. నైట్రిక్‌లో కరిగించి సిల్వర్ నైట్రేట్ వేస్తే పెరుగు విరిగినట్టు తెల్లటి అవక్షేపం వస్తుంది. హైడ్రోక్లోరిక్‌లో కరిగిస్తే ఆ ఆసిడ్ క్లోరైడే నీకు కనబడి ప్రతి రాయీ అటకమైట్ అయిపోతుంది. ల్యాబ్‌లో పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. డిస్టిల్డ్ వాటరే వాడు, కొళాయి నీళ్లలోనూ క్లోరైడ్ ఉంటుంది.

కార్డు ఇలా రాస్తే సరిపోతుంది: "రాగి ఖనిజం. పాత చీటీలో పేరు మైసోరిన్. ఇప్పటి లెక్కలో ఇది మలినాలున్న మాలకైట్. దొరికిన చోటు చీటీ ప్రకారం నెల్లూరు జిల్లా." పరీక్షలో వేరేగా తేలితే మూడో వాక్యం మార్చు, మొదటి రెండూ ఉండనీ. వెనకవైపు పరీక్ష చేసిన తేదీ, నీ పేరు వెయ్యి. మీ ప్రిన్సిపాల్‌గారికి "మన జిల్లా సొంతం" అన్న మాటే కావాలంటే 1879 వ్యాసం సంగతి చెప్పు, ఆయనకు అది ఇంకా గొప్పగా ఉంటుంది.

సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్ల మరకలు కొన్నాళ్లు పోవు. గ్లోవ్స్ లేకుండా సీసా మూత తీయకు, మీ అమ్మ నన్నంటుంది. ఫలితాలు ఫోటోలు కాదు, ఏ ట్యూబ్‌లో ఏం కనబడిందో రాసి పంపు.

పెదనాన్న