కొట్టు చరిత్ర రాసేముందు అటక ఎక్కు

బుజ్జీ,

మన ఊరి కొట్టు చరిత్ర రాస్తున్నావని మీ నాన్న చెప్పాడు. రాయి, మంచిదే. కానీ "మా ముత్తాత రెక్కలు ముక్కలు చేసుకుని పైకొచ్చాడు" అని మొదలుపెట్టావో, నేను మాత్రం చదవను. ముందు అటక మీది ట్రంకుపెట్టె దింపించు. ఎర్రగుడ్డ అట్టలు వేసిన పొడుగాటి పుస్తకాలు ఉంటాయి. ఏ రోజుకారోజు రాసేది చిట్టా, అందులోంచి మనిషికో పేజీ చొప్పున ఎక్కించేది ఆవర్జా. మన కొట్టు నడిచిందే అరువు మీద కాబట్టి, నీకు కావల్సిన సరుకంతా ఆవర్జాలోనే ఉంది.

ఉన్నవి కొన్నేలే. మిగతావాటి పాపం నాదే. నాకు పదేళ్లప్పుడు, నాన్న సరుక్కి విశాఖ పూర్ణా మార్కెట్ వెళ్లిన రోజున పాత పేపర్లు అయిపోతే, ఆవర్జా కాగితాలు దళసరిగా బావున్నాయని చింపి పొట్లాలు కట్టి, పురికొస చుట్టి ఇచ్చేశాను. ఎవరి బాకీ కాగితంలో వాళ్లకే జీలకర్ర వెళ్లిందో ఏమో! ఆ రాత్రి తిన్న దెబ్బలు ఇంకా గుర్తే.

పుస్తకం మీద తెలుగు సంవత్సరం పేరు హేవిళంబి అని ఉంటే 1957-58 అని రాసుకో. (అదే పేరు మళ్లీ 2017లో వచ్చింది, అప్పటికి మనది కంప్యూటర్ బిల్లు.) 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని లెక్క. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 పైసలే అవుతుంది కదా, అది కనిపెట్టి ఒకావిడ తన పిల్లాణ్ణి పూటకి నాలుగుసార్లు తిప్పేది, నాన్న పళ్లు నూరుకునేవాడు.

అణాలు చూసి కాలం చెప్పొచ్చు గానీ పాత తూకమైన వీశెల్ని మాత్రం నమ్మకు. కిలోల చట్టం 1958 అక్టోబరు నుంచి మెల్లగా అమల్లోకొచ్చినా, ఆ తర్వాత చాలా ఏళ్లు జనం నోట వీశె బెల్లమనే వచ్చేది. సోల, తవ్వ, మానిక అనే పాత కొలత డబ్బాలు దొరికితే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తియ్యి, సైజు తెలుస్తుంది.

ఇంకోటి, మమ్మల్ని మాత్రమే అడక్కు. ఎవరు ఎగ్గొట్టారో మేం చెప్తాం, మేం తూకం ఎలా కొట్టామో చెప్పం. అది కావాలంటే ఎదురుబజార్లో ముసలమ్మల దగ్గర కూర్చో, ఫోన్ జేబులో పెట్టుకుని. బాకీదారుల పేర్లు మాత్రం అచ్చులో వెయ్యకు, వాళ్ల మనవలు ఆ ఊళ్లోనే ఉన్నారు.

హుద్‌హుద్‌నీ వదలకు. 2014 అక్టోబరు 12న తుఫాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, కార్డులు పనిచెయ్యలేదు. మీ తాతయ్య కొవ్వొత్తి వెలుగులో రూల్డ్ నోట్‌బుక్ తీసి మళ్లీ అరువు పద్దులు రాశాడు. ఆ నోట్‌బుక్ గల్లాపెట్టె అడుగున ఉండాలి.

సంక్రాంతికి వస్తానన్నావట, అంతదాకా ఆగకు. పండక్కి మీ నానమ్మ అటక దులుపుతుంది, అట్టలూడిన పుస్తకం కనపడితే భోగి మంటలో పడేస్తుంది.

మీ చిన్నతాతయ్య